క్షేమమే, చిరునామా మాత్రం చెప్పం

కరోనా వచ్చిన ఏడాది చలికాలంలో నేను జర్మన్ ప్రభుత్వంలో చేరాను. ఈ మాట నా కూతురి ముందు అంటే పగలబడి నవ్వుతుంది. నిజానికి జరిగింది ఇంతే: మా ఊరి రాట్‌హౌస్, అంటే మునిసిపాలిటీ ఆఫీసు, పెట్టిన వీడియో మీటింగులో నా మొహం కూడా ఒక గడిలో కనపడింది.

అప్పట్లో నా ఉద్యోగం బ్యోబ్లింగెన్‌లో, ఒక కార్ల సాఫ్ట్‌వేర్ కంపెనీలో. ఉద్యోగం అక్కడ, నేను మాత్రం మా ఇంట్లో వంటగది బల్ల దగ్గర. మా ఆయన పడకగదిలో పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో క్లయింట్లకి ప్రెజెంటేషన్లు ఇచ్చేవాడు. హాల్లో మా అమ్మాయికి ఆన్‌లైన్ స్కూలు. కుక్కర్ కూత పెడితే మూడు మీటింగులూ ఒకేసారి ఆగేవి.

మా చిన్న ఊళ్ళో మాకున్న పెద్దదిక్కు ఒక డాక్టరమ్మ. గుంటూరులో చదువుకుని, పాతికేళ్ళు నిండకముందే ఇక్కడికి వచ్చి, కాన్పుల డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. మార్కెట్‌కి వెళ్తే నడివయసు జర్మన్లు ఆగి మరీ నమస్కారం పెడతారు. వాళ్ళలో చాలామంది ఈవిడ చేతుల్లోనే పుట్టారు. మేమంతా పెద్దమ్మా అని పిలుస్తాం. ఆవిడ మా అందరినీ ఏమే అని పిలుస్తుంది.

ఒకరోజు ఫోన్ చేసింది.

"ఏమే, మధ్యాహ్నం ఖాళీయేగా?"

"ఖాళీ ఎక్కడిది పెద్దమ్మా, మీటింగులున్నయి."

"ఇదీ మీటింగే. లింకు పంపుతున్నా. మొహం కడుక్కుని కూర్చో."

మొహం కడుక్కుని కూర్చున్నాను. తెర మీద రాట్‌హౌస్ మహిళా విభాగం అధికారిణి ఉంది. ఆవిడ హోదా పేరు జర్మన్‌లో గూడ్సు బండంత పొడుగు, ఇక్కడ అధికారిణి అంటే చాలు. ఎర్ర కళ్ళద్దాలు, ఒళ్ళో పిల్లి. పక్క గడుల్లో ఒక పోలీసావిడ, ఆసుపత్రి వాళ్ళు, ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్ళకి ఆశ్రయం ఇచ్చే ఫ్రౌవెన్‌హౌస్ వాళ్ళు, పెద్దమ్మ నుదురు. మీటింగు పొడుగునా పెద్దమ్మది నుదురే కనపడింది. కెమెరా కిందికి దించమని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఈ ఏర్పాటు పేరు గుండ్రబల్ల. అందరూ ఎవరి బల్ల దగ్గర వాళ్ళే ఉన్నారు గానీ, పేరు మార్చాలంటే దానికి ఇంకో మీటింగు పెట్టాలట. ఎందుకు పెట్టారో అధికారిణి వివరించింది. ఉత్తరాన ఒక పెద్ద ఊళ్ళో, ఆఫీసులు శుభ్రం చేసే ఒక ఆఫ్రికా ఆవిడ లాక్‌డౌన్ మొదట్లో మాయమైంది. ఆఫీసులన్నీ మూసి ఉన్నాయి, ఎవరూ ఎవరినీ చూడని రోజులు. ఆవిడ లేదన్న సంగతి చెల్లెలు తప్ప ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఊరి బయట అడవిలో శవం దొరికింది. ఆవిడ వదిలేసి వచ్చిన మనిషే చంపాడు. తర్వాత చాలా ఊళ్ళలో జనం మాస్కులు పెట్టుకుని, ఎడం ఎడంగా నిలబడి కొవ్వొత్తులు వెలిగించారు. నల్లవాళ్ళు, గోధుమరంగువాళ్ళు, పరాయి దేశపు ఆడవాళ్ళు మాయమైతే వెతకడానికి ఎందుకింత ఆలస్యమవుతుందని అడిగారు. అప్పుడు మా రాష్ట్ర ప్రభుత్వం కూడా కదిలి, పోలీసులు, ఆసుపత్రులు, ఆశ్రయాలు ఒకచోట కూర్చుని మాట్లాడుకోండని ఊరూరికీ చెప్పింది.

ఆ చెల్లెలు ఇప్పుడు మా ఊళ్ళోనే ఉంటోంది. మీటింగులో ఆవిడా ఉంది. మాట్లాడమని అడిగినప్పుడు కాసేపు మ్యూట్‌లోనే పెదాలు కదిపింది. ఎవరో చెప్పాక బటన్ నొక్కింది.

"నేను వెళ్ళిన ప్రతిసారీ మా అక్క పేరు ఒక్కో రకంగా రాసుకున్నారు. ఆమె మేజర్, ఎక్కడికైనా వెళ్ళే హక్కు ఆమెకుంది అన్నారు. వాళ్ళని ఏడవమని నేను అడగలేదు. మీ అక్క ఎలాంటి మనిషి అని ఒక్కరైనా నన్ను అడగాలనుకున్నాను. అడిగితే చెప్పేదాన్ని. మా అక్క నాకు చెప్పకుండా పక్క వీధికి కూడా వెళ్ళదని."

పిల్లి కూడా కదలకుండా కూర్చుంది. నేను అంతవరకు పక్క కిటికీలో ఆఫీసు మెయిళ్ళు చూస్తున్నాను. వాటిని మూసేశాను.

అలా నేను ఆ గుండ్రబల్లకి అతుక్కుపోయాను. నా పని చిన్నదే. జర్మన్ రాని తెలుగు ఆడవాళ్ళకి అవసరమైతే భాషా సహాయం చేయాలి. ఒక కరపత్రం తెలుగులోకి మార్చాలి. కరపత్రం తేలికనుకున్నాను. "మీరు ఒంటరి కాదు" అని మొదలుపెట్టి పెద్దమ్మకి చదివి వినిపించాను.

"ఏందే అది, సినిమా పోస్టర్లాగా? ఎవరన్నా అట్టా మాట్లాడతారా? 'ఇంట్లో ఏమన్నా ఇబ్బందిగా ఉందా? ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడొచ్చు' అని రాయి. చాలు."

అలాగే రాశాను. మాకు ఒక పూట శిక్షణ కూడా ఇచ్చారు. అందులో నాకు బాగా గుర్తున్న నియమం ఒకటి. ఎవరికైనా దుబాసీగా కూర్చున్నప్పుడు "ఆయన ఇలా అంటున్నాడు" అనకూడదు. ఆయన "నేను" అంటే మనమూ "నేను" అనాలి. మన అభిప్రాయం, మన నిట్టూర్పు కలపకూడదు. నిట్టూర్పు సంగతి విని పెద్దమ్మ, "అయితే నీకీ పని రాదు" అంది.

వసంతం వచ్చేసరికి ఊరి స్పోర్ట్స్ హాలు వాక్సిన్ సెంటరైంది. రిటైరైన డాక్టర్లని కూడా రమ్మన్నారు. పెద్దమ్మ పాత తెల్లకోటు బయటికి తీసి, బొత్తాలు పట్టకపోతే కొత్తది కుట్టించుకుని, కాలేజీలో చేరిన పిల్లలాగా బయల్దేరింది. ఊళ్ళో అందరి బాధా ఒకటే, టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరికిందా లేదా అని. ఎవరు ఫోన్ చేసినా హలో బదులు అదే అడిగేవారు.

వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం మా ప్రాంతపు తెలుగువాళ్ళ వాట్సప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. మామూలుగా ఆ గ్రూపులో కరివేపాకు ఏ షాపులో వచ్చింది, ఎవరింట్లో సోఫా అమ్మకానికుంది, ఇలాంటివే ఉంటాయి. ఈ ఫోటోలో పసుపు చీర కట్టుకున్న ఒక చిన్నపిల్ల. ఇరవై మూడో నాలుగో ఉంటాయేమో. కింద, "నా భార్య కనపడడం లేదు. దయచేసి అందరికీ షేర్ చేయండి" అని, ఒక ఫోన్ నంబరు.

నాకు వాళ్ళు లీలగా తెలుసు. ఊరికి అవతలి చివర ఉంటారు. గోదావరి జిల్లావాళ్ళు. పెళ్ళయి, మొదటి లాక్‌డౌన్‌కి కాస్త ముందు ఆ అమ్మాయి ఇక్కడ దిగింది. ఒకసారి ఇండియన్ షాపులో చూశాను. అతను సరుకులు ఎంచుతుంటే వెనకాల బుట్ట పట్టుకుని నిలబడి ఉంది. నేను మాస్కులోంచి నవ్వాను. మాస్కులోంచి నవ్వితే ఎవరికి కనపడుతుంది?

ఫోటో చూడగానే నాకు ఉత్తరాన మాయమైన ఆవిడే గుర్తొచ్చింది. వేలు ఫార్వర్డ్ బటన్ మీదికి వెళ్ళింది. అప్పుడే పెద్దమ్మ ఫోన్.

"ఆ ఫోటో ఎవరికీ పంపలేదుగా?"

"ఇప్పుడే పంపబోతున్న."

"పంపకు."

"అదేంది పెద్దమ్మా? మనం ఇన్ని రోజులుగా చెప్తున్నదే అది కదా, ఆలస్యం చెయ్యొద్దని."

"పంపకన్నానా. వెతకాల్సినోళ్ళు వెతుకుతారు. నువ్వు పొయ్యి మీద పప్పు చూసుకో." ఫోన్ పెట్టేసింది.

పొయ్యి మీద పప్పు నిజంగానే ఉంది. కలుపుతూ ఆలోచించాను గానీ ఏమీ అర్థం కాలేదు. ఇంతలో ఆ భర్త నుంచే ఫోన్ వచ్చింది. నా నంబరు ఎవరో ఇచ్చారట. గొంతు చాలా మర్యాదగా ఉంది.

"అక్కా, నమస్కారమండి. మీకు జర్మన్ బాగా వచ్చని చెప్పారండి. పోలీసులకి నా ఇంగ్లీషు సరిగ్గా అర్థం కావట్లేదండి. రేపు ఒక్కసారి నాతో వస్తారాండి?"

మాట మాటకీ ఏడుస్తున్నాడు. వస్తానన్నాను.

మర్నాడు పొద్దున పోలీస్ స్టేషన్లో మమ్మల్ని ఒక గదిలో కూర్చోబెట్టారు. కిటికీ తెరిచి ఉంది, బల్ల మధ్యలో ప్లాస్టిక్ తెర. ఎదురుగా గుండ్రబల్ల మీటింగుల్లో చూసే పోలీసావిడే. వీడియోలో చిన్నగా కనపడేది, మనిషి ఆరడుగులుంది. నన్ను గుర్తుపట్టి తల ఊపింది. అతన్ని కూర్చోమని, మంచినీళ్ళిచ్చి, మెల్లగా మొదలుపెట్టింది.

"మీ భార్య ఎలాంటి మనిషి?"

ఆ ప్రశ్న గుండ్రబల్ల నుంచి వచ్చిందే. ఎవరు అడగమన్నారో నాకు తెలుసు. తెలుగులో అడిగాను.

అతను కాసేపు ఆలోచించాడు. "మంచిదండి. ఎదురు చెప్పదు."

"ఆమె ఫోన్ నంబరు?"

"తనకి విడిగా ఫోను లేదండి. ఇంటికి మాట్లాడాలంటే నా ఫోనే ఇస్తాను."

నియమం ప్రకారం జర్మన్‌లో నేనన్నాను: "ఆమెకి విడిగా ఫోన్ లేదు. నా ఫోనే ఇస్తాను."

"స్నేహితులెవరు?"

"ఇక్కడెవరూ లేరండి. కరోనా కదా. అయినా మాకు బయటవాళ్ళతో పనేముందండి?"

"మాకు బయటవాళ్ళతో పనేముంది?" అన్నాను నేను.

"బ్యాంకు కార్డు ఏమైనా తీసుకెళ్ళిందా? పాస్‌పోర్టు?"

"రెండూ నా దగ్గరే ఉన్నాయండి. బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా దగ్గరే ఉంటది."

"రెండూ నా దగ్గరే ఉన్నాయి," అన్నాను. "తాళంచెవి నా దగ్గరే ఉంటుంది."

ఆ గదిలో నా నోటితో నేను ఎన్ని "నా" లు అన్నానో. ఒక్కొక్కటి అంటున్న కొద్దీ ముందురోజు ఫోన్లో విన్న ఏడుపు పలచబడుతూ వచ్చింది. అతను అబద్ధాలేమీ చెప్పలేదు. అందులో చెప్పకూడనిది ఉందని అతనికి తోచనే లేదు. ఇంటి తాళాలూ పాస్‌పోర్టులూ జాగ్రత్తగా దాచే బాధ్యత గల భర్తగానే కూర్చుని ఉన్నాడు. పోలీసావిడ మాత్రం మొహంలో ఏ మార్పూ లేకుండా రాసుకుంటూ పోయింది.

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"సీసాలు పడేసొస్తానని వెళ్ళిందండి. వీధి చివర డబ్బా ఉంటది కదండి, అక్కడికి. మళ్ళీ రాలేదు."

నాకు నిట్టూర్పు వచ్చింది. దగ్గులాగా మార్చాను. కరోనా రోజుల్లో దగ్గు నిట్టూర్పుకంటే ప్రమాదమని అప్పుడు తెలిసింది. పోలీసావిడ కుర్చీ వెనక్కి జరిపింది.

మర్నాడు సాయంత్రం మళ్ళీ పిలిచారు. ఈసారి ఇంకో పోలీసు కూడా తలుపు దగ్గర నిలబడ్డాడు. పోలీసావిడ చిన్న చిన్న వాక్యాల్లో చెప్పింది. నేనూ అంతే చిన్న వాక్యాల్లో తెలుగులో పెట్టాను.

"మీ భార్యని కలిశాం. విడిగా మాట్లాడాం. ఆమె క్షేమంగా ఉంది. తన ఇష్టంతోనే వెళ్ళింది. ఎక్కడుందో మీకు చెప్పొద్దంది. మేం చెప్పం."

అతను నా వైపు తిరిగాడు. "అక్కా, ఇంకోసారి సరిగ్గా అడగండి."

"వాళ్ళు సరిగ్గనే చెప్పిన్రు."

"అదెలా కుదురుతుందండి? నా భార్య అండి! నేనే కదండి కంప్లయింటు ఇచ్చింది!"

నేనది జర్మన్‌లోకి మార్చాను. "నా భార్య," అన్నాను పోలీసావిడతో, నియమం నియమమే కాబట్టి. ఆవిడ అతన్నే చూస్తూ, "ఆమె మేజర్. ఎక్కడికైనా వెళ్ళే హక్కు ఆమెకుంది," అంది.

సరిగ్గా అదే వాక్యం. ఉత్తరాన చెల్లెలికి చెప్పి ఇంటికి పంపేసిన వాక్యం. అక్కడ దాన్ని వెతకకుండా ఉండడానికి వాడారు. ఇక్కడ ముందు వెతికారు, మనిషిని కళ్ళతో చూశారు, ఆమెని అడిగారు, ఆ తర్వాత అన్నారు. దాన్ని తెలుగులోకి మార్చి చెబుతుంటే నా గొంతు కాస్త గట్టిగానే వచ్చినట్టుంది. బయటికొచ్చాక అతను నాతో మాట్లాడలేదు. ఆ మర్యాద, ఆ అండీలు అన్నీ గదిలోనే అయిపోయాయి. కారెక్కే ముందు మాత్రం, "మీరేం చెప్పారో ఏమో వాళ్ళకి," అని వెళ్ళిపోయాడు.

నన్ను పోలీసావిడ వెనక్కి పిలిచింది. "ఆ ఫోటో ఎంతదూరం వెళ్ళింది?"

చూస్తే చాలా దూరం వెళ్ళింది. ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, కైసర్స్‌లౌటర్న్ స్టూడెంట్ల గ్రూపులు, ఆఖరికి హైదరాబాద్‌లో ఎవరిదో యూట్యూబ్ ఛానల్. అంతా మంచి మనసుతోనే. అసలు భయం అదే. ఎవరో మంచివాడు, "ఈ అమ్మాయిని ఫలానా ఊళ్ళో బస్సులో చూసినట్టుంది" అని ఊరి పేరుతో సహా పెట్టాడు. పోలీసావిడ ఆ మెసేజ్ అర్థం అడిగి, చెప్పగానే ఫోన్ అందుకుని ఎవరితోనో గబగబా మాట్లాడింది. ఆ ఊరు నిజమో కాదో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

గ్రూపులో నేను రాశాను: "ఆ అమ్మాయి క్షేమంగా ఉంది, పోలీసులు చూశారు. దయచేసి ఫోటో తీసేయండి. ఎక్కడైనా చూసినా పేరు, ఊరు రాయకండి." దండాల బొమ్మలు వరసగా వచ్చాయి. వెంటనే ప్రశ్నలు. ఎక్కడుందట? ఎవరితో ఉందట? మొగుడికి కూడా చెప్పరా? ఇదేం చట్టమండీ?

అప్పుడు గ్రూపులో ఎన్నడూ మాట్లాడని పెద్దమ్మ వాయిస్ మెసేజ్ ఒకటి పెట్టింది. వెనకాల మిక్సీ చప్పుడు కూడా వినపడుతోంది. "ఎక్కడికి చేరిందో చెప్పడానికి ఆ పిల్లేమన్నా పార్సిలంట్రా? క్షేమంగా ఉందని చెప్పారుగా. సంతోషపడి ఫోటో తీసెయ్యండి. తియ్యనోళ్ళ ఇంటికి నేనొస్తా."

సగంమంది అప్పుడే తీసేశారు. మిగతా సగానికి నేను ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఆ రోజంతా అదే పని. యూట్యూబ్ అతను మాత్రం "మేడమ్, వ్యూస్ బాగా వస్తున్నయి" అన్నాడు. జర్మన్ పోలీసు మీతో మాట్లాడతానంటోంది, లైన్‌లో ఇస్తాను అన్నాక తీసేశాడు. పోలీసు లైన్‌లో లేదు. నా పక్కన మా అమ్మాయి ఉంది. దాని జర్మన్ గొంతు సరిపోయేదే.

కొన్నాళ్ళు ఊళ్ళో తెలుగువాళ్ళు మాతో ముక్తసరిగా ఉన్నారు. పార్కింగ్ దగ్గర ఒకాయన మా ఆయనతో, "మీ ఆవిడ కాపురాలు కూలుస్తోందటగా," అన్నాడట. "అంత తీరికెక్కడిదండీ, ఆఫీసు పనే అవట్లేదు ఆమెకి," అని మా ఆయన కూరగాయల సంచీ ఎత్తుకుని వచ్చేశాడు. లోపలికొచ్చాక మాత్రం ఆ సంచీని బల్ల మీద గట్టిగా పడేశాడు. టమాటాలు చితికాయి.

ఆకులు రాలే రోజుల్లో పెద్దమ్మ దోసెలకి రమ్మంది. వెళ్తే బాల్కనీలో ఆ అమ్మాయి కూర్చుని ఉంది. పసుపు చీర అమ్మాయే గానీ జీన్స్ ప్యాంటు, పొట్టి జుట్టు. నన్ను చూసి లేచి నిలబడింది.

"మీరేనాండి అక్కా, గ్రూపుల్లో నా ఫోటో తీసేయించింది?"

నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ దోసె తిరగేస్తోంది.

ఆ అమ్మాయే చెప్పింది. కొట్టడం పెళ్ళయిన కొత్తల్లోనే మొదలైంది. లాక్‌డౌన్‌లో అతను ఇంటి నుంచి పనిచేయడంతో రోజంతా ఒకే గదిలో ఉండాల్సి వచ్చింది. తలుపు తీస్తే ఎక్కడికి, కిటికీ తీస్తే ఎవరిని చూస్తున్నావు. వాక్సిన్‌కి టెర్మిన్ దొరికినప్పుడు కూడా అతను సూది వేసే గది దాకా వెంట వచ్చాడు. ఆ గదిలో ఉన్నది పెద్దమ్మ.

"డాక్టర్ గారు ఆయనకి జర్మన్‌లో ఏదో గట్టిగా చెప్పి తెర లాగేశారండి."

"ఒక్కొక్కరే రావాలి, రూలు అన్నా," అంది పెద్దమ్మ పొయ్యి దగ్గర్నుంచి. "అట్టాంటి రూలేం లేదు."

"సూది వేస్తూ తెలుగులో మెల్లగా అడిగారండి, ఇంట్లో ఎట్టా ఉందమ్మా అని. అంతే. చెయ్యంతా దెబ్బలు కనపడుతున్నాయి, ఇంక నేను చెప్పడానికేముందండి. తన నంబరు నా చేత అప్పజెప్పించారు. రోజూ గిన్నెలు తోముతూ అదే చదువుకునేదాన్ని."

సీసాల సంచీతో బయటికొచ్చిన రోజు, డబ్బా దగ్గర సీసాలన్నీ ఒక్కొక్కటిగా లోపలేసిందట. ఎందుకేశావు, పడేసి పరిగెత్తక, అని అడిగాను. "ఏమోనండి, చప్పుడు ఆగిపోతే ఆయనకి తెలిసిపోద్దనిపించింది," అంది. ఆఖరి సీసా వేసి, అలాగే ముందుకు నడిచి, రొట్టెల షాపులో ఫోన్ అడిగి పెద్దమ్మకి చేసింది. గంటలో ఫ్రౌవెన్‌హౌస్ వాళ్ళు కారులో వచ్చారు.

అంటే నేను ఫోటో ఫార్వర్డ్ చేయబోయిన మధ్యాహ్నానికి పెద్దమ్మకి అంతా తెలుసు.

"నాకొక్క మాట చెప్పొచ్చు కద పెద్దమ్మా!"

"చెప్తే నువ్వు ఆడి పక్కన స్టేషన్లో మామూలుగా కూర్చోగలవా?"

"మాస్కు ఉండె కదా."

"మాస్కు మూతికే కదే. నీ కళ్ళు అన్నీ వాగుతాయి." నా పళ్ళెంలో దోసె వేసింది. "డాక్టరుకి చెప్పింది డాక్టరు దగ్గరే ఉండాలి. తిను, చల్లారిపోద్ది."

నాకు కోపం రావాలి గానీ దోసె బాగుంది. మేం రాసిన కరపత్రం గురించి ఆ అమ్మాయిని ఆశగా అడిగాను. వాళ్ళ బిల్డింగ్ కింద నోటీసు బోర్డులో కూడా పెట్టించాం మరి.

"చూశానక్కా. తెలుగు చూడగానే భయమేసిందండి."

"భయమా?"

"తెలుగులో మాట్లాడొచ్చంటే ఫోన్ ఎత్తేది ఎవరో మన తెలుగువాళ్ళే కదండి. ఈ ఊరివాళ్ళే. ఆయనకి తెలిసినవాళ్ళే అయ్యుంటారు. డాక్టర్ గారంటే ఆ కోటు చూసి నమ్మాను."

 అంత శ్రద్ధగా రాసిన తెలుగు ఆమెని దూరం నెట్టింది. పెద్దమ్మ పొయ్యి కట్టేసి వచ్చి మా పక్కన కూర్చుంది.

తర్వాతి గుండ్రబల్ల మీటింగులో నేను మొట్టమొదటిసారి నా అంతట నేను మ్యూట్ తీశాను. ఎవరి పేరూ చెప్పకుండా రెండు సంగతులు చెప్పాను. ఒకటి, మా భాషలో సాయం అనగానే మా ఆడవాళ్ళకి కనపడేది పక్కింటివాళ్ళ మొహం. కాబట్టి దుబాసీ వేరే ఊరి నుంచి, ఫోన్లో ఉండాలి. ఫోన్ ఎత్తేవాళ్ళకి మీరెవరో తెలియదని కరపత్రంలోనే రాయాలి. రెండు, పోలీసులు దొరకబట్టినా మీ చిరునామా మీరు చెప్పమంటే తప్ప ఎవరికీ చెప్పరని పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆ మాట తెలిస్తే బయటికి రాగలిగేవాళ్ళు ఎంతమందో.

అధికారిణి పిల్లిని దించి మరీ రాసుకుంది. అప్పుడు చనిపోయిన ఆవిడ చెల్లెలు చెయ్యెత్తింది.

"ఇది మంచిదే. కానీ రేపు ఇంకొకరు తన అక్క కోసం వస్తే, చిరునామా చెప్పం అని ఈ మాట వాళ్ళ మొహాన కొట్టి పంపేయకండి. ముందు వెళ్ళి మనిషిని చూడండి. బతికున్న మనిషిని చూసి వచ్చాకే చెప్పం అనండి."

పోలీసావిడ, "ఇక్కడ అలాగే చేస్తాం," అంది. చెల్లెలు, "కాగితం మీద పెట్టండి," అంది. పెట్టారు. దానికి ఇంకా నాలుగు మీటింగులు, బోలెడు సవరణలు, ఒకరోజు ఇంటర్నెట్ పోవడం అన్నీ అయ్యాయి. కానీ పెట్టారు. మా జిల్లా నుంచి ఆ పద్ధతి పక్క జిల్లాలకి కూడా వెళ్ళిందని తర్వాత విన్నాను. ఆ చెల్లెలూ నేనూ అప్పుడప్పుడు చెరువు చుట్టూ నడిచేవాళ్ళం. ఆవిడ వాళ్ళ అక్క గురించి చెప్పేది. అక్క ఎంత గట్టిగా నవ్వేదో, పాటల్లో మాటలన్నీ ఎలా తప్పు పాడేదో. నేను అడిగేదాన్ని, ఆవిడ చెప్పేది.

అమ్మాయి విషయం కోర్టుకి వెళ్ళింది. అతను ఆమె దగ్గరికి రాకూడదన్నారు. పోలీసులే బీరువా తెరిపించి పాస్‌పోర్టు తెచ్చిచ్చారు. అతను ఉద్యోగం మారి ఎటో వెళ్ళిపోయాడు. ఆమెకి ఈ దేశంలో ఉండేందుకు అనుమతి రావడానికి మాత్రం చాలా నెలలు పట్టింది. ప్రతి టెర్మిన్‌కీ పెద్దమ్మ తోడు వెళ్ళింది. కౌంటర్లో ఉన్నాయన ఒకసారి విసుక్కుంటే, పుట్టినప్పుడు నువ్వు కూడా ఇలాగే గోల చేశావు అందట. అతన్ని ఆవిడ పుట్టించిందో లేదో నాకు అనుమానమే.

మరుసటి వేసవిలో, మాస్కులు చాలా చోట్ల పోయాక, ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఇంకో ఊళ్ళో ల్యాబులో ఉద్యోగం. ఇండియాలో ఉన్నప్పుడే బీఫార్మసీ చదివింది, ఆ సంగతి అంతవరకు ఎవరూ అడగలేదు. ఇల్లు చూడ్డానికి తోడు రమ్మంది.

రైలెక్కి వెళ్ళాను. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఇంటావిడ తలుపు తీసింది. గదులు చూపించింది. వంటగది అని చూపించిన చోట నాలుగు గోడలు, ఒక కుళాయి గొట్టం. ఇక్కడ చాలా ఇళ్ళు అంతే. పొయ్యి, గట్టు, సింకు మనమే తెచ్చుకోవాలి. అమ్మాయి ఆ ఖాళీ మధ్యలో నిలబడి నవ్వాపుకోలేకపోయింది.

"వంటగదికి వంటగదే లేదండి అక్కా!"

"ఎవరెవరు ఉంటారు?" అడిగింది ఇంటావిడ.

"నేను," అంది జర్మన్‌లో. నేను సాయం చేయడానికి నోరు తెరిచేలోపే, "నేనొక్కదాన్నే. ఉద్యోగం ఉంది. తలుపు గంట మీద నా పేరు రాయడం తప్పదా?" అని అడిగేసింది. తప్పులున్నాయి గానీ అంతా అర్థమైంది.

ఇంటావిడ ఆమెని కాసేపు చూసింది. కారణం అడగలేదు. "పాతావిడ పేరు ఇంకా అక్కడే ఉంది," అంది. "నాకు తీసే ఓపిక లేదు. నీకు అభ్యంతరమా?"

కిందికి దిగి చూశాం. గంట పక్కన రంగు వెలిసిన కాగితం మీద పొడుగాటి జర్మన్ పేరు, సగం హల్లులే. అమ్మాయి వంగి కూడబలుక్కుని చదివింది. నోరు తిరగలేదు. మళ్ళీ చదివింది.

"ఇకనుంచి నేను ఈవిడనాండి?"

"కనీసం పలకడం నేర్చుకో."

రైల్వే స్టేషన్ దాకా ఆ పేరు బట్టీ పడుతూనే నడిచింది. దారిలో పాత సామాన్ల షాపు కిటికీలో ఒక పొయ్యి కనపడితే ఆగిపోయి, నా రైలు మిస్సయ్యేలా చేసి మరీ, దాని నాలుగు బర్నర్లూ తిప్పి చూసింది.